నడిగడ్డ ముంగిట రాయల్ పామ్: పెరటి చెట్టుకు ఒక నీటి లెక్క

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలకు నడిగడ్డ అని పేరు. గద్వాల సంస్థానం ఈ నేల మీదిదే. కృష్ణ దాటి ఉత్తరానికి వస్తే వనపర్తి సంస్థానం, నదీతీరం వెంట నల్లమల వైపు సాగితే జటప్రోలు ప్రభువులు కొలువుదీరిన కొల్లాపురం. 2016 అక్టోబరు 11న ఈ ప్రాంతం జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు జిల్లాలుగా ఏర్పడింది. జిల్లా కేంద్రాలు కావడంతో పట్టణాల చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. ఆ కాలనీల్లో గేటుకు ఇరువైపులా జంటగా, సున్నం పూసిన స్తంభాల వంటి కాండంతో, పైన పచ్చని గొడుగుతో నిలిచే ఒక చెట్టు నేడు తరచుగా కనిపిస్తున్నది. నర్సరీవారు దీనిని బాటిల్ పామ్ అని అమ్ముతారు. నిజానికి అది రాయల్ పామ్.

అలంకరణ చెట్టు గనుక ఇది మన పని కాదని విస్తరణ శాస్త్రవేత్తలు అనుకోవడం సహజం. కాని ప్రశ్నలు వచ్చేది మనకే. వేసవి మొదలుకాగానే చరవాణికి ఒక ఛాయాచిత్రం వస్తుంది: కింది మట్టల కొనలు ఎండిపోయి, మొవ్వు చిన్నబోయిన చెట్టు. దాని వెంటనే ఒకే ప్రశ్న, "సార్, ఎంత యూరియా వేయమంటారు?" కొబ్బరికి చెప్పేదే దీనికీ చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. ఆ జవాబు కొంతవరకే సరైనది. ఈ చెట్టు మన జిల్లాల్లో పడే ఇబ్బందికి మూలం ఎరువు సంచిలో కన్న వాతావరణ పట్టికలో ఎక్కువగా ఉన్నది.

పేరు గురించి కొంత

రాయల్ పామ్ శాస్త్రీయనామం రాయ్‌స్టోనియా రీజియా. రీజియా అంటే రాజసంబంధి అని అర్థం. ప్రజాతి పేరులో మాత్రం రాజులెవరూ లేరు. ప్యూర్టోరికోలో పనిచేసిన రాయ్ స్టోన్ అనే అమెరికా సైనిక ఇంజనీరు పేరు మీద వృక్షశాస్త్రవేత్త ఒ.ఎఫ్. కుక్ 1900లో ఆ పేరు పెట్టాడు. అంతకుముందు దీనిని ఓరియోడాక్సా రీజియా అనేవారు. పాత ఉద్యానగ్రంథాల్లో నేటికీ ఆ పేరే కనిపిస్తుంది. ఇది క్యూబా దేశపు జాతీయ వృక్షం.

అసలు బాటిల్ పామ్ వేరొకటి. దాని శాస్త్రీయనామం హయోఫోర్బి లాజెనికాలిస్, దాని పుట్టిల్లు మారిషస్‌కు ఉత్తరాన ఉన్న రౌండ్ ద్వీపం. పందొమ్మిదో శతాబ్దంలో మన తెలుగు కూలీలు ఓడలెక్కి చేరిన మారిషస్ అదే. ఆ చెట్టు మొదలు కడవలా ఉబ్బి ఉంటుంది, ఎత్తు రెండు మూడు మీటర్లు దాటడం అరుదు. రాయల్ పామ్ 20 మీటర్లు దాటి పెరుగుతుంది. ఈ పేరు గందరగోళం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. బాటిల్ పామ్ అనుకొని కరెంటు తీగ కింద, వరండాను ఆనుకొని నాటినవారికి పదేళ్ల తర్వాతగాని విషయం అర్థం కాదు. కనుక సలహా అడిగినవారిని మొదట "మొదలు కడవలా ఉందా, స్తంభంలా ఉందా?" అని విచారించడం మంచిది. లేత వయసులో రాయల్ పామ్ మొదలు కూడా కొంత ఉబ్బి ఉంటుంది గనుక మట్టల సంఖ్యను, ఈకలు అమరిన తీరును కూడా చూడాలి. బాటిల్ పామ్‌కు ఒక సమయంలో నాలుగు నుంచి ఎనిమిది మట్టలకు మించి ఉండవు. ముదిరిన రాయల్ పామ్‌కు పదిహేను వరకు ఉంటాయి, ఈకలు ఒకే తలంలో కాక అనేక దిక్కులకు విచ్చుకొని కుచ్చులా కనబడతాయి.

పుట్టిన చోట పొడికాలం చల్లగా ఉంటుంది

రాయల్ పామ్ క్యూబా, దక్షిణ ఫ్లోరిడా, మెక్సికో ఆగ్నేయతీరం మొదలైన చోట్ల సహజంగా పెరుగుతుంది. ఫ్లోరిడాలో ఇది గుంపులుగా కనిపించే ప్రసిద్ధ స్థలం ఫకహాచీ అనే చిత్తడి అడవి. అంటే మనం గేటు ముందు సిమెంటు గచ్చు మధ్య నిలబెడుతున్న చెట్టు, కాళ్లు నీళ్లలో పెట్టుకొని పెరిగే అలవాటు గల చెట్టు. హవానాలో ఏటా సుమారు 1200 మి.మీ., మయామీలో 1500 మి.మీ.కు పైగా వర్షం పడుతుంది. మన మూడు జిల్లాల్లో సాధారణ వర్షపాతం 600 మి.మీ.కు కాస్త అటూ ఇటూ. గద్వాల రాష్ట్రంలోనే అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటి.

ఈ అంకెల తేడా అందరికీ తెలిసినదే. తక్కువ పడిన వర్షాన్ని గొట్టంతో పూడ్చవచ్చుననే ధైర్యమూ దానివెంటే వస్తుంది. అంతకన్న ముఖ్యమైన తేడా ఒకటి పట్టికలో దాగి ఉన్నది. క్యూబాలో, దక్షిణ ఫ్లోరిడాలో వానలు మే నుంచి అక్టోబరు వరకు. వానలు లేని కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, అదే అక్కడ చల్లని కాలం. నేలలో తేమ తగ్గే రోజుల్లోనే ఆకు నుంచి ఆవిరయ్యే నీరు కూడా తగ్గుతుంది. చెట్టుకు కరువు తెలియదు. మనకు జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఈశాన్య రుతుపవనాల తడి కాస్తా ఆరిపోయాక ఫిబ్రవరి నుంచి జూన్ వరకు వాన ఉండదు, ఆ కాలంలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, వడగాలి వీస్తుంది. నేల అత్యంత పొడిగా ఉన్నప్పుడే ఆకాశం అత్యధికంగా నీరు అడుగుతుంది. ఈ చెట్టు తన వంశచరిత్రలో ఎన్నడూ ఎదుర్కొనని జంట ఇది.

కాబట్టి ఇక్కడ రాయల్ పామ్ బతకదని కాదు. బతుకుతుంది. వేడికి అది చావదు. నీరు అందితే 44 డిగ్రీల్లో కూడా పచ్చగానే ఉంటుంది. ఆ వేసవి నీటి బాధ్యత మొత్తం ఇంటి యజమాని మీద, చెట్టు ఉన్నంతకాలం, ఏటా పడుతుందన్నదే మనం ముందుగా చెప్పవలసిన మాట.

ఆ బాధ్యత ఎంతో ఒకసారి లెక్కకట్టి చూద్దాం. గొడుగు వ్యాసం 4 మీటర్లున్న ఒక నడివయసు చెట్టును తీసుకొందాం. దాని నీడ విస్తీర్ణం సుమారు 12.5 చదరపు మీటర్లు. మే నెలలో రోజుకు 7 మి.మీ. బాష్పోత్సేకం అనుకొని, కొబ్బరి వంటి తాళజాతి చెట్లకు సరిపోయే 0.7 గుణకంతో హెచ్చిస్తే రోజుకు సుమారు 60 లీటర్లు వస్తుంది. గొడుగు 6 మీటర్లకు విస్తరించిన చెట్టుకైతే ఇదే లెక్కన 140 లీటర్లకు చేరువ. ఇది పెద్దగీతల అంచనా మాత్రమే, గాలి, గచ్చు, గోడల వేడి దీనిని పెంచుతాయే గాని తగ్గించవు. మిషన్ భగీరథలో గ్రామీణ ప్రాంతానికి నిర్ణయించిన ప్రమాణం మనిషికి రోజుకు 100 లీటర్లు, పురపాలక పట్టణానికి 135 లీటర్లు. గేటుకు రెండువైపులా రెండు పెద్ద చెట్లుంటే, మే నెలలో పట్టణంలోని ఆ ఇంట్లో మరో ఇద్దరు మనుషులు చేరినట్టే.

ఈ మాట విన్నాక కూడా నాటాలనుకునేవారు ఉంటారు, ఉండాలి కూడా. స్నానాల గది నీరు, బట్టలుతికిన నీరు వంటివి పాదుకు మళ్లించే వీలున్న ఇంటికి రోజుకు 60 లీటర్లు భారం కాదు. డిటర్జెంటు సోడా ఎక్కువగా ఉన్న తొలి నీటిని వదిలి, జాడించిన నీటిని మాత్రమే వాడాలి. పాదు మీద ఎండుటాకులు, వరిగడ్డి లేదా కొబ్బరి పీచు నాలుగు అంగుళాల మందాన పరచి, కాండానికి మాత్రం జానెడు ఎడం వదిలితే తేమ నిలుస్తుంది.

కాండం మీద రాసి ఉన్న వేసవులు

వేప, చింత వంటి చెట్లకు బెరడు కింద విభాజ్య కణజాలం ఉంటుంది, కాండం ఏటేటా లావెక్కుతుంది. ఒక ఏడాది కరువు వచ్చినా మరుసటి ఏడాది పెరుగుదల దానిని కప్పివేస్తుంది. తాళజాతి ఏకదళబీజకం. మొవ్వు అడుగున కాండం రూపుదిద్దుకొనే సమయంలో ఎంత లావు ఏర్పడితే ఆ భాగానికి దాదాపు అంతే. రాయల్ పామ్‌లో తర్వాత కణాలు కొంత ఉబ్బే మాట నిజమే గాని, సన్నబడిన చోటు పూర్తిగా పూడదు.

అందువల్ల నీరు చాలని సంవత్సరం కాండం మీద ఒక నడుములా మిగిలిపోతుంది. బోరు ఎండిపోయిన వేసవి, ఇంటివారు ఊరు వెళ్లిన సెలవులు, గొట్టం తెగిన నెలలు అన్నీ అక్కడ నిలిచి ఉంటాయి. పై భాగం ఒక్కసారిగా పెన్సిలు మొనలా సన్నబడుతూ పోతే, అది ఏళ్ల తరబడి పోషకలోపం లేదా నీటికొరత సాగుతున్నదనడానికి గుర్తు. అటువంటి చెట్టు గాలివానలో ఆ ఇరుకు చోటే విరిగే అవకాశం ఎక్కువ. ఇంటివారు ఫోను చేసినప్పుడు ఆకు ఫోటోతో పాటు కాండం మొత్తం ఫోటో అడిగి తెప్పించుకోవడం ఇందుకే అవసరం. ఆకు ఆ నెల కథ చెబుతుంది, కాండం పదేళ్ల కథ చెబుతుంది.

ఇదే కారణంగా కాండానికి తగిలిన గాయం కూడా మానదు. దీపాల తీగల కోసం కొట్టిన మేకులు, గేటు కొక్కేలు శాశ్వతంగా తెరిచి ఉన్న ద్వారాలు.

కడియం నుంచి గద్వాలకు

మన పట్టణాలకు వచ్చే అలంకరణ మొక్కల్లో చాలా భాగం తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీలవి. గోదావరి ఒండ్రుమట్టిలో, తేమ గాలిలో పెరిగిన మొక్క లారీ ఎక్కి ఒక రాత్రిలో ఎర్ర చల్కా నేలకు వస్తుంది. చిన్న కవరు మొక్క అయితే సర్దుకొంటుంది. పది పన్నెండు అడుగుల చెట్టును వేళ్లు నరికి గోనెసంచిలో కట్టి తెచ్చినప్పుడే చిక్కు.

ఈ విషయంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రోషాట్, డాన్సెల్మన్ 1984లో ప్రచురించిన పరిశోధన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. నరికిన వేరు తిరిగి చిగురిస్తుందా లేదా అన్నది జాతిని బట్టి మారుతుందని వారు చూపారు. సాబల్ జాతిలో నరికిన వేళ్లు దాదాపు అన్నీ చస్తాయి. కొబ్బరిలో ఎంత పొట్టిగా నరికినా దాదాపు సగం వేళ్లు బతుకుతాయి. రాయల్ పామ్‌లో మిగిల్చిన వేరు పొడవు పెరిగేకొద్దీ బతికే వేళ్లు పెరుగుతాయి. కొబ్బరిని చిన్న ముద్దతో తెచ్చి నాటిన అనుభవం ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే. రాయల్ పామ్‌కు వేళ్లముద్ద పెద్దదిగా ఉండి తీరాలి, లేదంటే చిన్న మొక్కే కొనాలి. మూడు నాలుగు అడుగుల కవరు మొక్క నీరు చక్కగా అందితే కొన్నేళ్లలోనే, దెబ్బతిన్న పెద్ద చెట్టును దాటిపోతుంది. ఖర్చు తగ్గడం అదనపు లాభం.

నాటే లోతు గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మా ఇంటి ముందు నాటిన జంటలో ఒకటి మూడో వేసవిలో మొవ్వు పసుపుబారి చనిపోయింది. నీరు చాలలేదని నేను రోజూ ఇంకాస్త పెట్టించాను. తవ్వి చూస్తే మొదలు జానెడున్నర లోతున పూడిపోయి, వేళ్లు కుళ్లి ఉన్నాయి. గాలికి ఒరగకుండా ఉండాలని తాపీపనివారు మట్టి ఎగదోశారు, నేను చూసుకోలేదు. కొత్త వేళ్లు పుట్టే చోటు కాండం అడుగున నేలమట్టానికి ఉంటుంది. అది పూడితే గాలి అందదు. నర్సరీలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటి, ఒరగకుండా కర్రలతో ఊతం ఇవ్వాలి. కర్రలను గోనెగుడ్డ చుట్టి తాళ్లతో కట్టాలి, మేకులు కొట్టరాదు.

మన నేలల్లో గుంత తీయడం కూడా జాగ్రత్తగా జరగాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు చల్కాలో రెండు మూడు అడుగుల కింద గట్టి మొరం తగులుతుంది. గుంత అడుగు మొరాన్ని గడ్డపారతో పగలగొట్టకపోతే అది తొట్టిలా నీరు నిలుపుతుంది. అలంపూర్ వైపు నల్లరేగడిలో వేసవిలో నెర్రెలు విచ్చి లేత వేళ్లు తెగుతాయి. అక్కడ పాదును ఎన్నడూ పూర్తిగా ఆరనివ్వరాదు. మీటరు పొడవు, వెడల్పు, లోతుల గుంతలో తీసిన మట్టికి చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపడం చాలు. నైరుతి వానలు స్థిరపడిన జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు నాటడం మేలు. నేల వెచ్చగా ఉన్నప్పుడే తాళజాతి వేళ్లు చురుగ్గా సాగుతాయి.

యూరియా ప్రశ్నకు జవాబు

కింది మట్టల కొనలు ఎండటం మన ప్రాంతంలో ఎక్కువగా పొటాష్ లోపాన్ని సూచిస్తుంది. కొన్ని తాళజాతుల్లో ముదురాకు మీద పసుపు నారింజ చుక్కలు స్పష్టంగా కనబడతాయి. రాయల్ పామ్‌లో చుక్కలు అంతగా కనిపించకుండానే ఈకల కొనలు, అంచులు ఎండుతూ పోతాయి. అందువల్ల దీనిని నీటి ఎద్దడిగా భ్రమపడటం సులువు. నీరు సక్రమంగా అందుతున్నా కింది మట్టలే వరుసగా ఎండుతుంటే పొటాష్‌ను అనుమానించాలి. ఇటువంటి చెట్టుకు యూరియా వేస్తే పెరుగుదల హెచ్చి, ఉన్న కొద్ది పొటాష్ ఇంకా పలచబడి, లోపం తీవ్రమవుతుంది.

అందంగా లేదని ఎండుతున్న మట్టలను కోసివేయడం రెండో తప్పు. చెట్టు ఆ ముదురాకుల నుంచే పొటాష్‌ను లాగి కొత్త ఆకుకు పంపుతుంటుంది. వాటిని తీసివేస్తే లోపం పై మట్టకు ఎక్కుతుంది. పూర్తిగా ఎండిన మట్ట దానంతట అదే రాలుతుంది.

ముదురు మట్ట అంచుల వెంట వెడల్పాటి పసుపు పట్టీ ఏర్పడి నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం లోపం. లోపం మొవ్వులో కనబడితే కథ వేరు. కొత్త ఆకు పాలిపోతే ఇనుము, కొత్త ఆకు చిన్నదై కాలినట్టు ముడుచుకొంటే మాంగనీసు. ఈ రెండూ సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో, గట్టి బోరునీటి పారకంలో తరచుగా వస్తాయి. ఇంటి నిర్మాణంలో మిగిలిన సిమెంటు, సున్నం పాదు చుట్టూ పూడ్చిన చోట మరీ ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే తాత్కాలికంగా ఆకుపచ్చబడుతుంది. పాదులోని సిమెంటు పెళ్లలు తీసివేయడం, చెట్టు లోతుగా పూడి ఉంటే మట్టి తొలగించడం మాత్రమే శాశ్వత చికిత్స. కొత్త ఆకు కొన కొక్కెంలా వంగితే బోరాన్ లోపం. కొబ్బరికి చెప్పే 50 గ్రా. బోరాక్స్‌ను మించకుండా ఒకసారి వేసి ఐదారు నెలలు ఆగాలి. ఇప్పుడు విచ్చుకొన్న ఆకులోని లోపం నెలల కిందట మొవ్వు లోపల జరిగినది, వెంటనే గుణం కనిపించదు. కనిపించలేదని మళ్లీ వేస్తే విషమవుతుంది.

ఇక మోతాదు. అలంకరణ తాళజాతికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం సిఫారసు చేసే మిశ్రమంలో నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం నిష్పత్తి 8:2:12:4. మన దేశంలో కాపు కొబ్బరికి ఏటా చెట్టుకు 500 గ్రా. నత్రజని, 320 గ్రా. భాస్వరం, 1200 గ్రా. పొటాష్ సిఫారసు. రెండు ఖండాల్లో వేర్వేరు దారుల్లో తేలిన ఈ రెండింటిలోనూ పొటాష్ నత్రజనిని మించి ఉండటం గమనించదగినది. పెరటి రాయల్ పామ్ కాయ దిగుబడి ఇవ్వనవసరం లేదు గనుక కొబ్బరి మోతాదులో సగంతో మొదలుపెట్టి, సంవత్సరానికి మూడు నాలుగు దఫాలుగా వేయడం సముచితమని నా అభిప్రాయం. నీరు ఉప్పగా ఉన్న చోట మ్యూరేట్‌కు బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి.

పెరటి చెట్టు, పక్క పొలం

కేంద్రం 2021లో ప్రకటించిన ఆయిల్‌పామ్ పథకంతో ఈ మూడు జిల్లాల్లోకీ ఆయిల్‌పామ్ తోటలు వచ్చాయి. కొమ్ము పురుగుకు, ఎర్ర ముక్కు పురుగుకు, సర్పిలాకార తెల్లదోమకు కొబ్బరి, ఆయిల్‌పామ్, అలంకరణ తాళజాతి అన్నీ ఒకే వంశం. సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరిలో గుర్తించారు. అక్కడి నుంచి అది తీర జిల్లాలకు, అలంకరణ మొక్కల మీదికి పాకింది. నర్సరీ మొక్క ఆకు అడుగున తెల్లని మైనపు చుట్టలు, పైన నల్లని మసి ఉన్నాయేమో చూడకుండా ఇంటికి తెస్తే, పురుగును పొలానికి మనమే తెచ్చినట్టు. ఉన్నా రసాయన మందుకు తొందరపడరాదు. ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి దీనిని చాలావరకు అదుపు చేస్తుంది, మందు మొదట దానిని చంపుతుంది.

కొమ్ము పురుగు విషయంలో ఒక చిన్న సవరణ అవసరం. కొబ్బరిలో మట్టల మొదళ్లలో ఇసుక, వేపపిండి పెట్టమంటాం. రాయల్ పామ్ మట్టల తొడిమలు ఒకదానిపై ఒకటి బిగుసుకొని నున్నని పచ్చ గొట్టంగా ఉంటాయి, పెట్టడానికి చోటు దొరకదు. కనుక పురుగు పెరిగే పెంటకుప్పలనే చూసుకోవాలి. మెటారైజియం శిలీంధ్రాన్ని ఎరువు గుంతలో కలపడం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఎర్ర ముక్కు పురుగుకు లింగాకర్షక బుట్ట ఒక్క ఇంట్లోనే పెడితే ఊరి పురుగులన్నింటినీ ఆ ఇంటికే పిలిచినట్టవుతుంది. పెడితే కాలనీ అంతా కలిసి, చెట్లకు దూరంగా పెట్టాలి.

ముదిరిన చెట్టు నెలకు సుమారు ఒక మట్టను రాలుస్తుంది. మూడు నాలుగు మీటర్ల పొడవు, తొడిమతో కలిపి పది పదిహేను కిలోలకు పైబడే బరువు, అంత ఎత్తు నుంచి, ముందు హెచ్చరిక లేకుండా పడుతుంది. దాని కింద ఆరుబయట మంచం, పిల్లల ఊయల, కారు ఉండరాదు. గోడకు కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలి. తీగ కింద నాటిన చెట్టును కొట్టి పొట్టి చేయడం కుదరదు, మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే.

ఇతర నేలల్లో

మన జిల్లాల్లోనే అన్ని చోట్లూ ఒకటి కాదు. జూరాల ఆయకట్టులో కాలువ ఊట ఉన్న ఊళ్లలో ఇది సులువుగా పెరుగుతుంది. అలంపూర్ వైపు 2009 అక్టోబరు వరద వంటిది వచ్చినా కొద్దిరోజుల నీటి నిలువను తట్టుకొనే చెట్టు ఇది. మన్ననూరు, అమ్రాబాద్ గుట్టల మీద వేడి కాస్త తక్కువ. కాని అది పులుల అభయారణ్యం ఇరుగుపొరుగు. ఈ ప్రజాతిలోదే అయిన రాయ్‌స్టోనియా ఒలరేసియా బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లో తనంతట తాను వ్యాపించిన దాఖలా ఉన్నది. పక్షులు పండ్లు తిని గింజలు మోస్తాయి గనుక అక్కడ నాటవద్దని చెప్పడమే క్షేమం. కోనసీమలో, విశాఖ తీరంలో నీటి చింత లేదు, గాలి చింత ఉంటుంది. హైదరాబాదు మనకూ తీరానికీ నడుమ ఉన్నది.

అమెరికాలోని మన బంధువులు కొందరు ఇదే చెట్టు గురించి అడుగుతుంటారు. అక్కడ ప్రశ్న చలి. సున్నాకు రెండు మూడు డిగ్రీలు తగ్గితే ఆకులు మాడతాయి, ఇంకా తగ్గితే మొవ్వు చస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను గడ్డకట్టించిన మంచు తుఫానులో అంతకన్న గట్టివైన తాళజాతులు కూడా పెద్దసంఖ్యలో చనిపోయాయి. డాలస్, హ్యూస్టన్ పెరళ్లకు ఇది చెట్టు కాదు. దక్షిణ ఫ్లోరిడాలో స్థిరపడినవారికి ఇది ఊరి చెట్టే.

ఆ ఫ్లోరిడాలోనే నేడు ఇళ్ల ముందు, హోటళ్ల ముందు వరుసగా నాటుతున్న ఖరీదైన తాళజాతి ఒకటి ఉన్నది. అక్కడి వ్యాపారనామం సిల్వెస్టర్ పామ్, శాస్త్రీయనామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. మన వాగు గట్ల మీది ఈతచెట్టు అది. గీతకార్మికుల కోసం హరితహారంలో మొక్కలు పెంచి నాటినదీ అదే. మట్టల మచ్చలతో వజ్రాల అల్లికలా కనిపించే దాని కాండాన్ని వారు చెక్కి మెరుగుపెట్టి అమ్ముతారు. వేసవి నీరు లెక్క చూసి వెనకాడిన ఇంటి యజమానికి మనం చూపగల ప్రత్యామ్నాయం ఇంత దగ్గర ఉన్నది. ఒకసారి వేరూనితే దీనికి రోజూ గొట్టం పట్టనవసరం లేదు. ముళ్లు ఉంటాయి గనుక బాటకు ఎడంగా నాటాలి.

చివరగా పాలెం, మోజర్ల విద్యార్థులకు ఒక చిన్న పని సూచిస్తాను. రాయల్ పామ్ కాండం మీద రాలిన ప్రతి మట్టకూ ఒక వలయం మిగులుతుంది. పదిహేనేళ్లలోపు చెట్లలో ఈ వలయాలు స్పష్టంగా లెక్కకు వస్తాయి. నీరు బాగా అందిన చెట్టుకు ఏటా పన్నెండుకు అటూ ఇటూ, అందని చెట్టుకు తక్కువ. నాటిన సంవత్సరం ఇంటివారికి గుర్తుంటుంది. నిచ్చెన వేసి పై నుంచి కిందికి వలయాలు లెక్కిస్తూ, ప్రతి పన్నెండో వలయం దగ్గర చుట్టుకొలత, ప్రతి రెండు వలయాల ఎడం టేపుతో కొలిచి రాసుకోవాలి. ఆ పట్టికను పాలెం పరిశోధన స్థానంలోని వాతావరణ రికార్డుల పక్కన పెట్టి, ఇంటివారిని ఏ ఏడు బోరు ఎండిందో అడిగి మూడో వరుసలో నమోదు చేయాలి. కాలువ ఊట ఉన్న ఊళ్లో ఐదు చెట్లు, బోరు మీద ఆధారపడిన కాలనీలో ఐదు చెట్లు చాలు. పని మట్ట రాలని ఉదయం వేళ, చెట్టు కింద మరొకరు నిచ్చెన పట్టుకొని ఉండగా చేయాలి.